కోపాలిమరైజేషన్ చదివేటప్పుడు సాల్వెంట్‌ను వదిలేయకండి

సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్‌కు చదివేవాళ్లలో చాలామంది పాలిమర్ చాప్టర్‌ను చివరికి నెట్టేస్తారు. అనంతపురంలో మా రూమ్‌లోనూ అదే తీరు, ఆర్గానిక్, స్పెక్ట్రోస్కోపీ అయ్యాకే దాని వంతు. కానీ పార్ట్ సీలో ఒక్క ప్రశ్నకు 4 మార్కులు. ఇంత చిన్న చాప్టర్‌ను వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కోపాలిమరైజేషన్ అంటే రెండు రకాల మోనోమర్లు (చిన్న అణువులు) కలిసి ఒకే గొలుసుగా పెరగడం. ఆ గొలుసులో ఏది ఎంత చేరుతుందో చెప్పే 1944 నాటి మేయో-లూయిస్ సమీకరణం అందరికీ నోటికి వస్తుంది. స్టైరీన్, మిథైల్ మెథాక్రిలేట్ జంటకు 60 డిగ్రీల దగ్గర ఆర్1, ఆర్2 (గొలుసు చివరి మోనోమర్ తన రకాన్నే కలుపుకునే రేట్ కాన్‌స్టంట్‌ను, రెండో రకాన్ని కలుపుకునే రేట్ కాన్‌స్టంట్‌తో భాగిస్తే వచ్చే విలువలు) రెండూ సుమారు 0.5 అని కూడా గుర్తుంటుంది. ఈ జంటలో సాల్వెంట్ (మోనోమర్లను కరిగించే ద్రవం) మార్చినా పెద్ద తేడా రాదు. అందుకే ఆర్ విలువలు ఎక్కడైనా ఒకటేనని మనసులో పడిపోతుంది. స్టైరీన్‌తో యాక్రిలిక్ యాసిడ్‌నో, యాక్రిలమైడ్‌నో కలిపితే సంగతి వేరు. టోలీన్ అనే సాల్వెంట్‌లో యాసిడ్ అణువులు హైడ్రోజన్ బంధాలతో తమలో తామే జతకడతాయి. డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్)లో అయితే సాల్వెంట్‌నే పట్టుకుంటాయి. దాంతో కొలిచిన ఆర్ విలువలూ మారిపోతాయి.

దీనికి 1987లో హార్వుడ్ చెప్పిన వివరణ నాకు చాలా ఇష్టం. దాన్ని బూట్‌స్ట్రాప్ ఎఫెక్ట్ అంటారు. పెళ్లి పంక్తిలో కూర్చున్నవాడు వంటశాలలో ఉన్నవన్నీ తినడు, తన విస్తరి దాకా వచ్చినవే తింటాడు. పెరిగే రాడికల్ (గొలుసు చురుకైన చివర) కూడా అంతే. ఫ్లాస్కులో మనం పోసిన నిష్పత్తిని కాదు, తన చుట్టూ చేరిన మోనోమర్ల నిష్పత్తినే చూస్తుంది. అందుకే సాల్వెంట్ ఏదైనా, ఒకే కాంపోజిషన్ ఉన్న కోపాలిమర్లలో మోనోమర్ల వరుస క్రమం ఒకేలా ఉంటుందని ఆయన గమనించాడు.

లెక్క చేసి చూడండి. అసలు ఆర్1 0.5, ఆర్2 0.4 అనుకుందాం. రాడికల్ దగ్గర ఎం1/ఎం2 (మొదటి, రెండో మోనోమర్ల) నిష్పత్తి బయటికన్నా రెండింతలు ఉంటే, మనకు కనిపించే విలువలు 1.0, 0.2 అవుతాయి. రెండూ మారాయి, కానీ గుణిస్తే అప్పుడూ ఇప్పుడూ 0.2 మాత్రమే. ఆప్షన్లు కొట్టేయడానికి ఈ ఒక్క పాయింట్ బాగా పనికొస్తుంది.

పనిలో పనిగా అజియోట్రోప్ (మనం పోసిన నిష్పత్తే కోపాలిమర్‌లోనూ వచ్చే చోటు) కూడా చూడండి. మొదటి విలువలతో అది ఎఫ్1 (పోసిన మిశ్రమంలో మొదటి మోనోమర్ భాగం) సుమారు 0.55 దగ్గర వస్తుంది. రెండో విలువలతో చేస్తే 1 వస్తుంది, అంటే మొదటి మోనోమర్ ఒక్కటే ఉన్నట్టు, కాబట్టి అజియోట్రోప్ లేనట్టే.