ఆ రాత్రి నా కడుపునొప్పిని ఎవరూ నమ్మలేదు

ఆపరేషనై తొమ్మిది నెలలైంది. పొట్ట మీద మచ్చ పాలిపోయింది. ఆ డాక్టరన్న మాట మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది, అందుకే రాస్తున్నాను.

నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే మానసిక జబ్బు ఉంది. కావలసినవాళ్ళు ఫోన్ ఎత్తకపోతే చాలు, వదిలేశారని గుండె జారిపోతుంది. గంటలో కోపం, ఆ వెనకే సిగ్గు. మూడేళ్ల కిందట చచ్చిపోవాలనుకున్న ఒక రాత్రి అమ్మానాన్నలు నన్ను విజయవాడలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అప్పుడే ఆ పేరు నా ఫైల్లోకి ఎక్కింది.

ఈసారి అక్కడికే కడుపునొప్పితో వెళ్ళాను. సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలై, రాత్రి పదింటికి కుడివైపు కిందికి దిగింది. రెండుసార్లు వాంతి. కాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మొదట బాగానే మాట్లాడాడు. పాత ఫైలు తిప్పాక గొంతు మారింది. నన్నొదిలేసి అమ్మను అడగడం మొదలుపెట్టాడు. "ఇంట్లో ఏమన్నా గొడవైందా? సంబంధాలేమైనా చూస్తున్నారా?" నొప్పి చోటు మారిందని నేను చెబితే, "గూగుల్లో చదివొచ్చావా?" అన్నాడు. తర్వాత అమ్మను పక్కకు పిలిచాడు. కర్టెన్ అవతల నుంచి నాకంతా వినబడింది. "బోర్డర్‌లైన్ కేసమ్మా. వీళ్ళకి ఎప్పుడూ నలుగురూ చుట్టూ ఉండాలి. మీరెంత పట్టించుకుంటే అంత ఎక్కువ చేస్తారు."

గ్యాస్‌కి ఇంజెక్షన్ చేసి పడుకోబెట్టారు.

అరిస్తే నాటకం. పళ్ళు బిగబట్టి ఊరుకుంటే, "చూశారా, తగ్గింది." అన్నిటికంటే నాకు భయమేసింది అమ్మను చూసి. స్టూలు మీద కూర్చుని, చెయ్యి నా దాకా తెచ్చి వెనక్కి తీసుకుంటోంది. పట్టుకుంటే నాకింకా ఎక్కువవుతుందని చెప్పారు కదా. కన్నతల్లి నన్ను ముట్టుకోవడానికి జంకింది. ఆ ఒక్క సంగతికి ఆ డాక్టర్ని నేను క్షమించలేను.

మూడింటికి నైట్ డ్యూటీ సిస్టరొకావిడ వచ్చింది, మా పిన్ని వయసుంటుంది. "ఎక్కడ తల్లీ?" అని నన్నే అడిగింది. కుడివైపు మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసింది. ప్రాణం పోయినట్టయింది. ఒళ్ళు కాలిపోతోందని జ్వరం చూసి, ఎవరినీ అడక్కుండా సర్జన్‌కి తానే ఫోన్ చేసింది. తెల్లారేసరికి ఆపరేషన్ బల్ల మీద ఉన్నాను. అపెండిక్స్ అప్పటికే పగిలిపోయింది. ఎనిమిది రోజులు మంచం మీద. తర్వాత అమ్మ ఇంద్రకీలాద్రి ఎక్కి చీర మొక్కు చెల్లించింది. ఆ రాత్రి సిస్టర్ రూపంలో వచ్చింది దుర్గమ్మే అంటుంది. నేనూ కాదనను.

డిశ్చార్జి రోజు ఆ డాక్టరు వరండాలో ఎదురై తల తిప్పుకున్నాడు. ఒక్క "సారీ" కోసం చూశాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్లో, శరీరానికి జబ్బు చేసినవాళ్ళతో సమానంగా మాకూ అన్ని వైద్యాలూ అందాలని ఉంది. మనసుకు జబ్బుంటే అపెండిక్స్ ఉండదా? బోర్డర్‌లైన్‌కు డి.బి.టి. (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్స తయారుచేసిన అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహాన్, తానూ పదిహేడేళ్ల వయసులో మానసిక ఆసుపత్రిలో చేరానని 2011లో బయటపెట్టింది. మా సైకాలజిస్ట్ మేడం ఈ సంగతి చెప్పిన రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇప్పుడు రోజూ డైరీ కార్డు నింపుతాను, బాధ ఎంతుందో సున్నా నుంచి ఐదు దాకా. ఈ నెల మూడు దాటలేదు.

మీకూ ఈ జబ్బుంటే ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళకండి. నొప్పి ఏ టైంకి, ఎక్కడ మొదలైందో కాగితం మీద రాసుకెళ్ళండి. మనసు బాగోని రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పోయిన వారం పన్నునొప్పికి వెళ్ళాం. నేను వాడే మందుల పేర్లు చెప్పగానే డెంటిస్టు అమ్మ వైపు తిరిగి, "ఎప్పటినుంచండీ?" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దాన్నే అడగండి బాబూ, అది చెబుతుంది," అంది.