ఒకని కొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి

నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ అందరం కలిసి రొట్టె, రసం తీసుకునే ఆరాధన. నా చిన్నప్పటి నుంచి ఎంతమంది అయ్యగార్లు (పాస్టర్లు) మారారో గానీ ఆ రోజు చదివే భాగం మాత్రం మారలేదు. అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణపు సంఘానికి రాసిన మొదటి పత్రిక, పదకొండో అధ్యాయం, 23 నుంచి 29 వచనాల దాకా. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న మాట రాగానే అందరం తల వంచుకుంటాం. తెల్లగుడ్డ తీస్తారు. రొట్టె పళ్లెం ముందు వరుస నుంచి కదులుతుంది.

ఇంకో నాలుగు వచనాలు చదివితే 33 వస్తుంది. "కాబట్టి నా సహోదరులారా, భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకని కొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి."

అంటే ఒకరి కోసం ఒకరు ఆగి ఎదురుచూడండి అని. బల్ల ముందు నిలబడి ఈ వచనం చదివినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. పౌలు అంత మందలించి చివరికి మనల్ని ఏం చేయమన్నాడో అదంతా ఆ "కాబట్టి"లో ఉంది. మధ్యలో ఉన్న హెచ్చరిక చదువుతున్నాం, చివర చెప్పిన పని వదిలేస్తున్నాం.

కొరింథులో జరిగింది మీకు తెలిసిందే. కూడుకుని తినే భోజనంలో కొందరు మిగతావాళ్ల కోసం ఆగకుండా ముందే తినేసేవాళ్లు. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును." అయితే అక్కడ ముందు తిన్నది ఎవరు, ఆకలితో మిగిలింది ఎవరు? ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. అప్పుడు ఆదివారం సెలవు లేదు. ఆదివారం పని ఆపాలని కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చింది 321లో. అంటే పౌలు ఈ పత్రిక రాసిన రెండున్నర వందల ఏళ్లు దాటిన తర్వాత. మందిరాలు కూడా లేవు, కూడుకునేది ఉన్నవాళ్ల ఇళ్లలోనే. సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చిన గాయి, పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు లాంటివాళ్లు వేళకు వచ్చి కూర్చోగలరు. రేవులో మూటలు మోసేవాడు, యజమాని వదిలితే తప్ప గడప దాటలేని దాసుడు ఎలా రాగలరు? వాళ్లు వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ కాలపు పెద్దింటి భోజనాల గదిలో మూడు పడకలుంటే వాటి మీద ఆనుకుని తినేది తొమ్మిదిమంది. మిగతావాళ్లు వాకిట్లోనే. లోపలివాళ్లు తిని తాగి మూతి తుడుచుకున్నాక వాకిట్లోకి ఏం మిగులుతుంది?

"దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని పౌలు అడిగింది అందుకే. ఇక్కడ ఆయన కోపం దొంగతనం మీద కాదు, వ్యభిచారం మీద కాదు. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆగలేదని. ఆ ఒక్క పనికి "మీరు కూడి వచ్చుట యెక్కువ కీడుకేగాని యెక్కువ మేలుకు కాదు" అనేశాడు. కూడుకోవడమే కీడు అయిపోయిందట! ఆ మాట నాకు చదివినప్పుడల్లా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది.

ఇప్పుడు "కనిపెట్టుకొని" అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను. ఈ వచనంలో నాకు ప్రాణమైన మాట అదే. మన తెలుగు బైబిల్లో దానికి రెండు ముఖాలున్నాయి. 27వ కీర్తన చివర "యెహోవా కొరకు కనిపెట్టుకొనియుండుము" అని ఉంది. 130వ కీర్తనలో, కావలివారు ఉదయం కోసం కనిపెట్టేదానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అంటాడు కీర్తనకారుడు. చేను కాపలా కాసినవాళ్లకు ఆ మాట వివరించనక్కర లేదు. వేరుశనగ మీద అడవిపందులు పడకుండా రాత్రంతా మంచె మీద కూర్చుని, తూర్పు దిక్కు ఎప్పుడు తెల్లబడుతుందా అని చూసే చూపు అది. అందులో ఆశ ఉంటుంది. వచ్చేది మంచిదే అన్న నమ్మకం ఉంటుంది.

రెండో ముఖం లూకా సువార్త 14లో కనిపిస్తుంది. విశ్రాంతిదినాన ప్రభువైన యేసు, ధర్మశాస్త్రం కఠినంగా పాటించే పరిసయ్యుల అధికారి ఒకాయన ఇంటికి భోజనానికి వెళ్లాడు. "ఆయన ఏమి చేయునో అని వారాయనను కనిపెట్టుచుండిరి." అదే మాట! గ్రీకులో ఇవి వేరువేరు మాటలు. తెలుగులో మాత్రం ఒక్కటే పడింది. పరిశుద్ధాత్మ దేవుడు తెలుగువాళ్ల కోసమే ఇలా ఉంచాడని నేను నమ్ముతాను. రెండూ భోజనపు బల్లలే, రెండు చోట్లా చూపు ఎదుటి మనిషి మీదే. ఒక బల్ల దగ్గర "ఇంకా రాలేదేమి" అని చూస్తారు. ఇంకో బల్ల దగ్గర "ఎక్కడ దొరుకుతాడా" అని చూస్తారు. ఆ రెండో బల్ల దగ్గరే ప్రభువు అగ్రపీఠాల కోసం తోసుకునేవాళ్లను చూశాడు. నీవు విందు చేస్తే బీదలను పిలువు అని ఆ ఇంటాయనకు చెప్పింది కూడా అక్కడే.

మన సంఘాల్లో ఏ కనిపెట్టడం ఎక్కువగా ఉందో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరి కోడలు మెడలో ఏం వేసుకుంది, బతుకమ్మ రోజు ఎవరి బిడ్డ ఎక్కడ నిలబడింది, పాస్టరమ్మకు ఆ చీర ఎవరు పెట్టారు, అన్నీ మనకు తెలుసు. మూడు ఆదివారాలుగా రాని మనిషికి జ్వరమొచ్చిందా, అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చారా, అది మాత్రం తెలియదు. మర్రిగూడ వైపు నుంచి ఒక అవ్వ వచ్చేది. ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు బిగుసుకుపోయి చాప మీద కూర్చోలేదు, లేవలేదు. ప్లాస్టిక్ కుర్చీలన్నీ ముందు వరుసల్లో ఉద్యోగస్తుల కోసం వేసి ఉంటే ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఆరాధన చేసేది. ధనవంతునికి మంచి చోటిచ్చి పేదవాణ్ని నిలబెట్టవద్దని చెప్పే యాకోబు రెండో అధ్యాయం మాకు కంఠతా వచ్చు. ఆ అవ్వకు ఒక కుర్చీ జరపాలని మాత్రం ఏడాది దాకా ఎవరికీ తోచలేదు.

కానుకలు ఇచ్చినవాళ్ల పేర్లు, ఎంతిచ్చారో మైకులో చదవడం గురించి ఎక్కువ రాయను. అది ఆపండి, అంతే.

ప్రార్థన అంశం పేరుతో జరిగేది మాత్రం నన్ను నిజంగా భయపెడుతుంది. "అక్కా, ఫలానా చెల్లె గురించి కొంచెం భారంగా ప్రార్థన చేయండి" అని మొదలవుతుంది. "ఏమైందమ్మా?" అంటే చుట్టూ చూసి గొంతు తగ్గిస్తారు. ఉపవాస కూటం ముగిసేసరికి ఆ చెల్లె సంసారమంతా ఊరి చివరి ఇంటిదాకా చేరుతుంది. ప్రార్థన ఒక్కరు కూడా చేసి ఉండరు. "కట్టెలు లేనియెడల అగ్ని ఆరిపోవును, కొండెగాడు లేనియెడల జగడము చల్లారును." మనం ఆ కట్టెలను మోకాళ్ల మీద ఉండి, ఆమేన్ అంటూ వేస్తున్నాం. గలతీయులకు పౌలు రాసింది గుర్తుందా? "మీరు ఒకనినొకడు కరచుకొని భక్షించినయెడల" అన్నాడు. బల్ల దగ్గర ఒకరి కోసం ఒకరు ఆగనివాళ్లు చివరికి ఒకరినొకరు తింటారు.

మనం ఎక్కడి నుంచి వచ్చామో మరిచిపోయాం. రష్యా నుంచి వచ్చిన మిషనరీలు ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టింది 1890లో. ఆ రోజుల్లో మన ముత్తాతలు ఊరి బావి దగ్గర కుండ పట్టుకుని, ఎవరైనా దయతలిచి నీళ్లు పోస్తారేమోనని పక్కన నిలబడినవాళ్లు. పెద్దల పెళ్లిళ్లలో అందరూ తిని లేచాక, దూరంగా కూర్చుని మిగిలింది తిన్నవాళ్లు. కొరింథు వాకిట్లో నిలబడినవాళ్లు ఎవరో కాదు, వీళ్లే. మా నాయనమ్మ బల్ల ఆదివారం నాడు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని, "పెద్దోళ్లు చిన్నోళ్లు లేని పంక్తి బిడ్డా ఇది" అనేది. ఆమె మనవరాలినైన నాకు, నా తోటివాళ్లకు ఇప్పుడు ముందు వరుసలు దొరికాయి. వాకిలి మరిచిపోయాం. మాల, మాదిగ అన్న తేడా పెండ్లి సంబంధం మాట వచ్చేసరికి లేచి కూర్చుంటుంది. సంఘపెద్దల ఎన్నికలప్పుడు ఏ వాడ ఓటు ఎటు అని లెక్కలు వేస్తారు. అదే నోటితో మళ్లీ, అనేకులమైనా మనం ఒక్క శరీరమే అన్న వచనం చదువుతారు.

"ప్రభువు శరీరమని వివేచింపక" అన్న మాటకు రొట్టెను మామూలు రొట్టె అనుకోవడమనే అర్థం ఒక్కటే చెబుతుంటారు. తర్వాతి అధ్యాయంలో పౌలు శరీరం అంటే ఎవరో చెప్పాడు కదా. "మీరు క్రీస్తుయొక్క శరీరమైయుండి" అన్నాడు. పక్కన చాప మీద కూర్చున్న మనిషి ఆ శరీరంలో భాగమని గుర్తుపట్టకుండా రొట్టె తింటే, అది వివేచింపక తినడమే.

ఇక నా సంగతి చెప్పాలి. ఇది రాయకుండా పైనంతా రాసే హక్కు నాకు లేదు.

రెండేళ్ల కింద, పత్తి ఏరే రోజులు. మా సంఘంలో ఒక చెల్లె ఉండేది. భర్త బొంబాయి దిక్కు పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. బల్ల రోజు ఆమె వాక్యం సగమయ్యాక వచ్చి వెనక కూర్చునేది. రొట్టె, రసం తీసుకుని ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్లిపోయేది. నేను గమనించాను. ఒకసారి కాదు, మూడు నెలలు గమనించాను. ఆ తర్వాత స్త్రీల కూటంలో, "ఆశీర్వాదం కూడా తీసుకోకుండా ఎక్కడికి పోతుందో ఏమో, ఆమె కోసం ప్రార్థన చేయండి" అన్నాను. నేనన్నది అంతే. ఆ "ఎక్కడికి" అన్న మాట నా నోటి నుంచి పోయి ఎన్ని రూపాలు ఎత్తిందో రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆమె మందిరానికి రావడం మానేసింది.

నిరుడు సంక్రాంతికి ముందు బస్సు దిగి నడిచి వస్తుంటే పత్తిచేనులో కనబడింది. నడుముకు కట్టుకున్న ఒడి నిండా పత్తి, జుట్టులో దూది. ఎండిన కాయల అంచులు గీసుకుని వేళ్ల చివరలన్నీ చారలు పడి ఉన్నాయి. "ప్రైజ్ ది లార్డ్ అక్కా" అని ముందు తనే అంది. గట్టు మీద కూర్చున్నాం. ఎందుకు మధ్యలో లేచిపోయేదానివని అప్పుడు అడిగాను, మూడు నెలలు చూసి ఒక్కసారి కూడా అడగని మాట.

"గుంపుల పోతం కదక్కా. బల్ల ఆదివారం మేస్త్రిని బతిమాలుకొని మధ్యల వస్తుంటి. ఆటో మర్లి పొయ్యేలోపల ఎక్కకపోతే పొద్దటి సంది ఏరింది కూడ లెక్క రాయనంటడు" అంది.

పత్తి ఏరే కూలి కిలోల లెక్క. మందిరంలో గడిపిన ఆ రెండు గంటల పత్తి సాయంత్రం తూకంలో తగ్గుతుంది. అంటే ఆమె నెలనెలా తన కూలిలోంచి కోసి ఇచ్చి బల్లకు వచ్చేది. ఏ కానుకల పుస్తకంలోనూ అది రాసి లేదు. "కన్ను చేతితో నీవు నాకక్కరలేదని చెప్పజాలదు" అని పన్నెండో అధ్యాయంలో ఉంది. ఆ గట్టు మీద ఆ చేతులు చూస్తూ కూర్చుంటే నాకు ఆ వచనమే గుర్తొచ్చింది. నేను కన్నునై మూడు నెలలు చూశాను. చూసి, చేతిని నరికేశాను.

క్షమించు చెల్లే అన్నాను. "పోనీ అక్కా" అంది. కాసేపాగి, "నాకు కోపం లేదు. కాని అందరు నా దిక్కే చూస్తరు. ఆ చూపుల నడుమ రొట్టె మింగుడు పడదు" అంది.

అయ్యా, అమ్మా, సంఘపెద్దలారా, బతిమాలి అడుగుతున్నాను. బల్ల రోజు ఆ 33వ వచనం కూడా చదవండి. పత్తి రోజుల్లో, నాట్ల రోజుల్లో కూలికి పోయే ఆడవాళ్లు ఎన్నింటికి రాగలరో ముందు వాళ్లనే అడిగి అప్పుడు టైం పెట్టండి. ఎవరి గురించైనా ప్రార్థన అంశం చెప్పాలనిపిస్తే, ముందు వాళ్లింటికి వెళ్లి వాళ్లతో కలిసి ప్రార్థన చేసి రండి. ఆ తర్వాత కూడా చెప్పాలనిపిస్తే వాళ్లను అడిగి చెప్పండి. పరీక్షించుకొనవలెను అన్నది తన్ను తాను. పక్కవాళ్లను కాదు.

మా అయ్యగారితో మాట్లాడాను. "టైం అంటే టైం, ఒకరిద్దరి కోసం ఆరాధన మారుస్తామా" అని కొందరు పెద్దలు గట్టిగానే అన్నారు. అయినా అయ్యగారు ఒప్పుకున్నారు. ఈసారి పత్తి మొదలైనప్పటి నుంచి బల్ల రాత్రి ఏడింటికి పెడుతున్నారు. మొదటి రాత్రి ముందు కుర్చీలు సగం ఖాళీ. వెనక జంపఖానాలు చాలక బయట బండల మీద కూడా కూర్చున్నారు. చేను నుంచి నేరుగా వచ్చినవాళ్లు పంపు దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేదాకా పాటలు పాడుతూ ఉన్నాం. బల్ల మీద గుడ్డ అలాగే ఉంది. ఆ అవ్వకు కుర్చీ కూడా వేశాం.

ఆ చెల్లె మాత్రం ఇంకా రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్లి వచ్చాను, చూస్తాలే అక్కా అంది. వచ్చే మొదటి ఆదివారం గేటు దగ్గర నేనే ఉంటానని, చివరి ఆటో దిగేదాకా తెల్లగుడ్డ తీయవద్దని అయ్యగారికి చెప్పాను.