నేల మీద నుంచి లేవడం

2021లో, నాకు 19 ఏళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. హైదరాబాద్‌లో వైద్యం. మొదటి నాలుగు వారాలు రోజూ స్టెరాయిడ్ మాత్రలు, వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్, మధ్యలో ఇంకొన్ని మందులు. జుట్టు ఊడుతుందని, వాంతులవుతాయని ముందే తెలుసు. కాళ్లలో కండ పోతుందని మాత్రం అనుకోలేదు.

బరువు తగ్గలేదు మరి. చేరినప్పుడు 52 కిలోలు, ఆ విడత అయ్యేసరికి 54. స్టెరాయిడ్ వల్ల విపరీతమైన ఆకలి. అర్ధరాత్రి అమ్మను లేపి అన్నం పెట్టమనేదాన్ని. ముఖం గుండ్రంగా ఉబ్బింది. చూడ్డానికొచ్చిన అమ్మమ్మ "పర్లేదే తల్లీ, కాస్త ఒళ్లు చేశావు" అని సంతోషపడింది. నేనూ నమ్మాను.

ఆ వారంలోనే ఒకరోజు అలవాటుగా కింద కూర్చొని అన్నం తిన్నాను. లేవబోతే తొడల్లో పట్టు లేదు. ఎడమ చెయ్యి నేలకు ఆనించాను, పక్కకు తిరిగాను, గోడ పట్టుకున్నాను. కుడి చేతికి ఎంగిలి ఎండిపోయింది. చివరికి అమ్మ చంకల కింద చేతులు వేసి లేపింది. అంతకుముందు నుంచే నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. నీరసం అనుకున్నాను.

డాక్టర్ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయాను. మడమల మీద నడవమన్నారు. కుడి పాదం పైకి లేవలేదు. స్టెరాయిడ్ తొడల్లో, తుంటి దగ్గర ఉండే పెద్ద కండల్ని కరిగిస్తుందని, విన్‌క్రిస్టిన్ నరాల్ని దెబ్బతీస్తే పాదం వాలిపోతుందని అప్పుడు విడమర్చి చెప్పారు. పెరిగిన బరువు నీరు, కొవ్వేనట. మంచం మీదే ఉంటే మిగిలిన కండ కూడా పోతుందన్నారు. ఇంట్లో వాళ్లేమో మంచినీళ్ల గ్లాసు కూడా చేతికే అందిస్తూ నన్ను కదలనిచ్చేవాళ్లు కాదు, ప్రేమతోనే. బరువు తూచిన ప్రతిసారీ కుర్చీలోంచి ఎలా లేస్తున్నామో కూడా చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఒక్క నిమిషం పని.

ఫిజియోథెరపీ మేడమ్ కుర్చీలో రెండు దిండ్లు వేసి, ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు. మొదటిరోజు మూడోసారికే ఏడుపొచ్చింది. కొన్ని వారాలకు ఒక దిండు తీసేశాం. జ్వరం వచ్చినా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా ఆపేసేవాళ్లం. నోరు పూసిన రోజుల్లో అమ్మ బాగా ఉడికిన గుడ్డును పప్పన్నంలో మెత్తగా మెదిపి పెట్టేది.

ఎవరి సాయం లేకుండా నేల మీద నుంచి లేవడానికి తొమ్మిది నెలలు పట్టింది. అమ్మ వంటింట్లో ఉంది. పిలిచి, మళ్లీ కూర్చొని, మళ్లీ లేచి చూపించాను. సాయంత్రమయ్యేసరికి కుడికాలు ఇప్పటికీ కాస్త ఈడుస్తాను. అందుకే వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటాను.