గుండు, బోర్డు, మరికొన్ని కొట్టివేతలు

ఆదివారం, సాయంత్రం

వచ్చే శనివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా ఆడే కథల ఆట) సెషన్ కోసం ఇవాళ జరిగిన పని ఒక్కటే: పేర్లు. మ్యాపు ఆఖరి నిమిషంలో గీసుకున్నా నడుస్తుంది, పేరు అలా కాదు. ఆట మధ్యలో ఎవరో "ఈ పూటకూళ్ల ఆయన పేరేంటి?" అంటారు. డీఎం, అంటే కథ నడిపేవాడు, నీళ్లు నమిలితే చాలు, ఆయన కథకి అక్కర్లేని మనిషని టేబుల్ మొత్తానికీ తెలిసిపోతుంది. అందుకే ఒక కార్డు మీద ఇరవై పైచిలుకు పేర్లు సిద్ధంగా ఉండాలి. వాడిన పేరు కొట్టేసి, పక్కనే "రేవు, కుంటి కాలు" అని రెండు ముక్కలు రాసుకోవాలి. రాయకపోతే మూడు సెషన్ల తర్వాత అదే మనిషి ఇంకో పేరుతో ప్రత్యక్షమవుతాడు.

ఈసారి కొండల్లో ఉండే పొట్టి జాతి డ్వార్ఫ్‌ల వంతు. మొదటి ముక్కలు ఆరు: బొర్, గుం, త్రొ, డర్, కొల్, మర్. చివరి ముక్కలు ఐదు: గ, క, మ, న, డు. ఆరైదులు ముప్పై. ఇంతకంటే ఎక్కువ శబ్దాలు పెట్టుకోకూడదు. శబ్దాలు తక్కువైతేనే అందరూ ఒకే ఊరివాళ్లలా వినిపిస్తారు. య, స మరో జాతి అయిన ఎల్ఫ్‌లకి వదిలేస్తే, పేరు వినగానే జాతి తెలుస్తుంది.

తర్వాత ముప్పైనీ పైకి చదవాలి. కాగితం మీద అన్నీ బాగానే కనిపిస్తాయి, నోట్లో పడ్డాకే అసలు రంగు బయటపడుతుంది. గుం పక్కన డు చేరగానే గొడ్డలి పట్టిన వీరుడు కాస్తా గుండు అయ్యాడు. బొర్ పక్కన చేరితే బోర్డు. ఆ వరుస మొత్తం కొట్టేస్తే మిగిలినవి 24. డర్గ అంటే దర్గా గుర్తొస్తుంది, మర్మ అంటే వాడి దగ్గర ఏదో రహస్యం ఉందని ఆటగాళ్ల జట్టు వాడి వెంటే పడుతుంది. అవీ పోతే 22. గుం, న కలిసి గున్న అయింది. పొట్టివాడికి గున్న ఏనుగు లాంటి పేరు, ఉండనీ.

ఇంగ్లీషు జాబితాల్లోంచి పేర్లు ఎత్తుకొచ్చి తెలుగులో ఆడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఏలా అనే ఎల్ఫ్ ఉందనుకోండి. "ఏలా తలుపు తీసింది" అని డీఎం చెప్తే, "అదే మేమూ అడుగుతున్నాం, ఎలా?" అంటారు. కోరిన్ కత్తి అంటే ఎవరో కోరిన కత్తి. ఆరిన్ దీపం సంగతి చెప్పనే అక్కర్లేదు. హల్లుతో ఆగే పేరుకి కి, ని, తో తగిలించడం కూడా ఇబ్బందే. అచ్చుతో ముగిస్తే నోరు సాఫీగా తిరుగుతుంది: బొర్గకి, కొల్మతో. పేరు పెట్టే ముందు "గొడ్డలి వాడికివ్వు"లో "వాడి" చోట పేరు పెట్టి పలికి చూస్తే చాలు.

ఆటగాళ్ల పాత్రల పేర్ల విషయంలో పట్టుదల ఒక్కటే: నలుగురివీ వేర్వేరు అక్షరాలతో మొదలవ్వాలి. ఇనిషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందో) రాసేటప్పుడు డీఎం మొదటి అక్షరమే రాస్తాడు. రెండు "వి"లు ఉన్నాయంటే ఒకరి దెబ్బ ఇంకొకరికి తగులుతుంది. ఆన్‌లైన్ ఆటల్లో అక్షరాల లెక్క కూడా ఉంటుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పేరు 2 నుంచి 12 అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. వీరభద్రుడిని దీర్ఘానికి రెండు ఈ-లు పెట్టి ఇంగ్లీషులో రాస్తే 13. ఒక్క అక్షరం దగ్గర ఆగిపోతాడు. డు తీసేస్తే 11, హాయిగా పడతాడు.

పాత తెలుగు పేర్లు కావాలంటే కాకతీయుల కాలం చూస్తే చాలు: ప్రోలుడు, బేతరాజు, జాయప, ముప్పమ, బయ్యారం చెరువు శాసనంలోని మైలాంబ. పొట్టిగా, గట్టిగా ఉంటాయి, ఇవాళ ఎవరూ పెట్టుకోరు కాబట్టి కొత్తగానూ వినిపిస్తాయి. చివర కులం తెలిపే తోక మాత్రం తగిలించకపోవడమే మేలు, ఆట పక్కకెళ్లి వేరే మాటలు మొదలవుతాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో డ్రాగన్ పోలికలున్న జాతి, డ్రాగన్‌బోర్న్‌లు, వంశం పేరు ముందు, సొంత పేరు తర్వాత చెప్తారు. అచ్చం మన ఇంటిపేరే! వాళ్లకి తెలుగు పద్ధతి అతికినట్టు సరిపోతుంది.

ఇంత కష్టపడకుండా నిలిచిపోయిన పేర్లూ లేకపోలేదు. 1974లో ఆ ఆటని తెచ్చినవాళ్లలో ఒకరైన గ్యారీ గైగాక్స్ కొడుకు క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) మీద మగ అని తెలిపే ఎమ్, దాని పక్కన ఎల్ఫ్ అని ఉంటే, ఆ రెండూ కలిసి మెల్ఫ్ అయింది. ఆ పేరుతో యాసిడ్ బాణం మంత్రం ఇప్పటికీ ఉంది. ఆ ఆటలోని మాంత్రికుడు డ్రామిజ్ పేరైతే జిమ్ వార్డ్ అనే ఆటల రచయిత పేరుని ఇంగ్లీషులో వెనక నుంచి చదివినదే.

కార్డు మీద పూటకూళ్ల ఆయనకి బొర్గ, కమ్మరికి కొల్మ, సుంకం వసూలు చేసేవాడికి త్రొక. రేవులో కుంటి కాలి పడవవాడికి ఇంకా ఏమీ రాయలేదు. పొట్టిగా ఉంటాడు కాబట్టి, గున్న.