కవరు చింపని నోటీసులు

ఇల్లు అమ్మకానికి బేరం కుదిరి, అడ్వాన్స్ కూడా తీసుకున్నాక బయటపడింది: మూడేళ్ల ఇంటి పన్ను బకాయి. నాన్న పోయాక అన్నయ్య కడుతున్నాడని నేను, నేను కడుతున్నానని అన్నయ్య. నోటీసులేమో బీరువాలో పాత కరెంటు బిల్లుల మధ్య, కవరు కూడా చింపకుండా ఉన్నాయి. అన్నీ నాన్న పేరు మీదే. (పేరు మార్పు తిప్పలు ఇంకో కథ.)

ఈ బకాయి మనిషితో పోదు, ఆస్తిని పట్టుకునే ఉంటుంది. మనం కట్టకుండా అమ్మేస్తే కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే వాళ్ల లాయరు బకాయి లేదన్న కాగితం చూపిస్తేనే సంతకం అన్నాడు. న్యాయమే. ఇంకా ఊరుకుంటే జప్తు, వేలం దాకా వెళ్లేదట.

నన్ను ముంచింది మాత్రం వడ్డీ. నెలాఖరున రాసుకున్న మొత్తానికే మర్నెల మొదట్లో చలానా కట్టేశాను. ఈలోగా నెల మారింది, వడ్డీ పెరిగింది. చిల్లర తేడాకే ఆన్‌లైన్‌లో 'బకాయి' అన్న ఎర్రక్షరాలు అలాగే ఉన్నాయి. మళ్లీ కట్టాను. మన ఖాతాలోంచి డబ్బు క్షణంలో పోయింది గానీ, వాళ్ల రికార్డులో పడటానికి మూడు రోజులు పట్టింది. రిజిస్ట్రేషన్‌కి ఉన్నది నాలుగే. ఆ మూడు రోజులూ టెన్షన్‌తో అర్ధరాత్రి కూడా లేచి ఫోన్ చూసుకున్నాను.

చివరికి రసీదు వచ్చింది. రెండు ప్రింట్లు తీశాను, ఒకటి లాయరుకి. రెండోది అన్నయ్య అడిగి తీసుకున్నాడు.