చిలకలపూడి హారం, వదిన ప్రేమ

నిద్ర పట్టడం లేదు. ఓణీల ఫంక్షన్‌లో వదిన అన్న మాటే ఇంకా చెవిలో గింగురుమంటోంది.

నేను పెట్టుకెళ్ళింది చిలకలపూడి హారం. అదేం రహస్యం కాదు. బందరు పక్కనే కాబట్టి మా వైపు పెళ్ళిళ్ళలో ఆ గిల్టు నగలు మామూలే. వదిన వస్తూనే నన్ను వాటేసుకుని, "ఎంత చిక్కిపోయావే!" అంటూ హారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి తిప్పి చూసింది. పూత పోయి రాగి కనిపిస్తుందేమోనని కాబోలు. "చిలకలపూడిది వదినా" అని నేనే చెప్పాను. "అచ్చం బంగారంలానే ఉందే" అంది. భోజనాల దగ్గర నా వెనక బల్ల దగ్గరే కూర్చుని, నన్ను చూసుకోకుండా, "పాపం, ఉన్నవి కూడా బ్యాంకులో కుదువ పెట్టేసినట్టున్నారు" అంటోంది. పులిహోర గొంతు దిగలేదు. వచ్చేస్తుంటే మళ్ళీ చెయ్యి పట్టుకుని, "మా ఇంటికి రావడమే మానేశావు, నువ్వంటే నాకెంత ఇష్టమో!" అంది. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడమంటే ఇదే. షాపువాడు గిల్టును గిల్టని చెప్పే అమ్ముతాడు కదా!

అమ్మమ్మ ఊరికి కోతలయ్యాక పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. కూచిపూడి వైపు వాళ్ళని చెప్పేది అమ్మమ్మ. రోజుకో వేషం. నాకు అర్ధనారీశ్వరుడంటే ఇష్టం. ఒకే మనిషికి ఇటు విబూది, మీసం. అటు కాటుక, ముక్కెర. ముఖానికి అడ్డంగా తెర పట్టుకుని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి. గొంతు కూడా మారిపోయేది. వేషాలన్నీ అయ్యాక మామూలు చొక్కాతో సంభావనకు వచ్చేవాడు. వేషానికి ముఖాన పూసుకున్న అర్దళం రంగు చెవి వెనక ఇంకా పసుపుగా అంటుకునే ఉండేది. అమ్మమ్మ చేటతో ధాన్యం పోస్తూ, "పార్వతమ్మవి నువ్వేనా నాయనా, నడక ఎంత బాగా పట్టావు!" అనేది.

చెప్పి వేసేది వేషం, చెప్పకుండా వేసేది మోసం అని రాయబోయి ఆగాను. అత్తయ్య గుర్తొచ్చింది. అప్పటిదాకా మోకాళ్ళకు కాపడం పెట్టించుకున్న మనిషి, డల్లాస్ నుంచి మరిది ఫోన్ రాగానే గొంతు మార్చి, "నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది. దాన్ని మోసమనడానికి నాకు నోరు రాదు. కానీ ఇవాళ మెట్లు దిగలేక ఫంక్షన్‌కే రాలేదావిడ. కొడుకు బెంగపడకూడదని దాచిన నొప్పి రేపు ముదిరితే?

వదినతో ఇకమీదట ముక్తసరిగా ఉంటే సరి. మరిదికి మాత్రం మోకాళ్ళ సంగతి రేపు నేనే చెప్పేస్తాను. అత్తయ్య కోప్పడితే కోప్పడనీ.