ఎర్రనీరు, రెండు గ్లాసులు

ఇక్కడ అమెరికాలో మనలో చాలామందికి పిల్లల సైన్స్ అంటే సమ్మర్ క్యాంపులు, కిట్లు, యూట్యూబ్. నాకు మాత్రం వేసవిలో మా ఊరెళ్ళినప్పుడు, సఖినేటిపల్లి దగ్గర, మా పిల్లలు తాతయ్యా అమ్మమ్మలతో పొద్దస్తమానం చెప్పుకునే కబుర్లే అసలు క్లాసు అనిపిస్తుంది.

జూన్‌లో, ఇంకా వరద రాకముందు, రేవులో పంటు కోసం, అంటే గోదారి దాటించే పెద్ద పడవ కోసం, నిలబడ్డాం. గుర్రపుడెక్క సముద్రం వైపు నుంచి ఎగువకి కొట్టుకొస్తోంది. మా పాపకి ఆరేళ్ళు, "తాతయ్యా, గోదారి వెనక్కి పోతోందేంటి?" అంది. నాన్నగారు జవాబు చెప్పలేదు, "సాయంత్రం మళ్ళీ వద్దాం, అప్పుడెటు పోతుందో నువ్వే చూసి చెప్పు" అన్నారు అంతే. సాయంత్రం డెక్క దిగువకి పోతోంది! ఇంక ఆ రోజు నుంచి సముద్రం పోటు ఎక్కి నీళ్ళు వెనక్కొచ్చిన టైము గోడ మీద క్యాలెండర్లో రాయడం మొదలెట్టింది, రోజుకి దాదాపు 50 నిమిషాలు లేటవుతోందని అన్నయ్యతో కలిసి లెక్క తేల్చింది, అప్పుడు చెప్పారు నాన్నగారు, చంద్రుడు కూడా రోజూ ఇంచుమించు అంతే ఆలస్యంగా వస్తాడమ్మా, అమావాస్యకీ పున్నానికీ పోటు ఎంత ఎక్కుతుందో చూడు అని. అంతర్వేది పక్కనే కదా, సముద్రం పోటు ఇక్కడి గోదారి పాయ వశిష్ఠలోకి బాగానే ఎక్కుతుంది.

జూలైలో వరదతో మట్టి కలిసిన ఎర్రనీరు దిగింది. అమ్మ రెండు గాజు గ్లాసుల్లో ఆ నీళ్ళు పోసి, ఒకదాంట్లో చిల్లగింజ అరగదీసి కలిపింది, రెండోది అలాగే వదిలేసింది. "రెండోదెందుకు అమ్మమ్మా?" అంటే "అది లేకపోతే గింజ వల్లే తేరిందని నీకెలా తెలుస్తుందే?" అంది. గింజ రసానికి మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుక్కి దిగుతాయి. తెల్లారేసరికి ఆ గ్లాసు అడుగున వేలెడు లేదు గానీ మంచి మందాన ఒండ్రు, పైన తేటనీళ్ళు. మనం నిలబడ్డ ఈ కోనసీమ నేలంతా ఇలా దిగిన ఒండ్రేనమ్మా అని అమ్మ అంటే పాప కాసేపు నేలకేసే చూసింది.

అమ్మ అలా విడమరిచి చెప్పింది ఆడపిల్లకి, అది నాకు చాలా పెద్ద విషయం. మేముండే శాన్ హోజేలోనే పిల్లల మ్యూజియంలో తల్లిదండ్రుల మాటలు రికార్డు చేసి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. వస్తువు ఎలా వాడాలో ఇద్దరికీ చెబుతున్నారు గానీ, అది ఎందుకలా జరుగుతోందో మాత్రం ఆడపిల్లలకన్నా మగపిల్లలకి మూడు రెట్లు ఎక్కువ చెబుతున్నారట! అక్కడున్నది 1 నుంచి 8 ఏళ్ళ పిల్లలు. ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు, ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలియాల్సిన సంగతి ఇది.

ఇప్పుడు వీడియో కాల్లో పాప మొదట అడిగేది పోటు ఎన్నింటికి వచ్చిందనే. మొన్న పున్నమి ముందు, మీకూ మాకూ ఒకేరోజు పెద్ద పోటా తాతయ్యా అంటే "నువ్వెళ్ళి చూసి చెప్పవే, నేను ఇక్కడ చూస్తా" అన్నారు. ఆదివారం శాంటాక్రూజ్ సముద్రతీరానికి వెళ్తున్నాం.